సాగర్ బ్యాక్‌వాటర్‌కి గాలం పట్టుకొని పోతున్నవా? రాడ్ కంటే ముందు గాలి సంగతి తెలుసుకో

తమ్ముడూ, నువ్వు అడిగింది మొత్తం చదివిన. ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి హైదరాబాద్ నుంచి శనివారం పొద్దున నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌కి (డ్యాం వెనక నిలిచే నీళ్లకి) పోయి ఆదివారం సాయంత్రం తిరిగొద్దామని ప్లాన్, ఆన్‌లైన్‌లో 7 అడుగుల రాడ్, 4000 సైజు రీల్ (దారం చుట్టే చక్రం) ఇప్పటికే కొన్నవు, చేతిలో ఇంకో 6 వేలు ఉన్నయి, వాటితో ఇంకో ఖరీదైన రాడ్ కొనాల్నా, గాలి నింపే రబ్బరు బోటు కొనాల్నా, లేకపోతే అక్కడ పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) కిరాయికి తీసుకుంటే అయిపోతదా అని కదా నీ డౌటు. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఉన్న రాడ్ చాలు, రబ్బరు బోటు వద్దు, ముందు మూడు లైఫ్ జాకెట్లు కొను. కానీ ఎందుకో చెప్పకుండ వద్దంటే నువ్వు వినవు, అందుకే పొడుగ్గా రాస్తున్న, ఓపిక చేసుకొని చదువు. నేను దేవరకొండ దిక్కు పుట్టి పెరిగినోన్ని, గాలం పట్టి 25 ఏండ్లు దాటింది, ఆ నీళ్లు నాకు అన్నం పెట్టినయి, ఒకసారి ప్రాణం మీదికి కూడా తెచ్చినయి.

మొదలు ఒక మాట అర్థం చేసుకో, సాగర్ అంటే మన ఊరి చెరువు కాదు. చెరువుల ఈ కట్ట మీద నిలబడితే ఆ కట్ట మీద గేదెలు కనపడతయి, గాలి లేచినా అలలు పెద్దగా పెరిగే జాగ ఉండదు. సాగర్ నిండుకుంటే సముద్ర మట్టం నుంచి 590 అడుగులు, ఆ మట్టంలో నేరేడుగొమ్ము, చందంపేట దిక్కు వాగులల్లకు నీళ్లు ఎక్కడి దాకా ఎక్కుతయో చూస్తే గుండె ఝల్లుమంటది. అంత వెడల్పు నీళ్ల మీద గాలికి అడ్డమే లేదు. అందుకే అక్కడ చేప ఎక్కడుంటదో చెప్పేది గాలే, నువ్వు ఇంటికి వస్తవో రావో చెప్పేది కూడా గాలే.

చేప సంగతి ముందు చెప్త. గాలి ఒక దిక్కు నుంచి రెండు మూడు రోజులు వదలకుండ కొడితే నీళ్ల పైపొరలో ఉండే సన్న నాచు, కంటికి ఆనని పురుగు అంతా కొట్టుకపోయి ఎదురు ఒడ్డుకి చేరతది. దాన్ని తినే పరిగెలు (చిన్న చేపలు) వెనకాలే పోతయి, బొచ్చె (కట్ల చేప) కూడా పోతది. కాబట్టి గాలి నీ మొహానికి కొట్టే ఒడ్డున కూర్చోవాలి. విసరడం కష్టమే, బెండు (దారానికి కట్టే తేలే ముక్క) ఊగుతది, కళ్లల్ల దుమ్ము పడతది, అయినా చేప అక్కడే. కొత్తోళ్లు అందరు చేసే పని ఏందంటే గాలి వీపుకి తగిలే దిక్కు చూసుకొని కూర్చుంటరు, ఎందుకంటే అక్కడ నీళ్లు అద్దంలెక్క ఉంటయి, దారం 60 మీటర్లు సులువుగ పోతది, సాయంత్రం దాకా కూర్చున్నా ఒక్క జిలేబి చేప తప్ప ఇంకోటి పడదు.

ఏ చేప ఏ లోతులో మేస్తదో పుస్తకం అక్కర్లేదు, దాని నోరు చూస్తే తెలుస్తది. బొచ్చెకి కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తెరుచుకొని ఉంటది, అది పైన, నడుమ మేస్తది. రవ్వ (రోహు చేప) నడుమ మేస్తది. మోసు (మ్రిగాల్), బంగారు తీగకి (కామన్ కార్ప్) నోరు కిందికి ఉంటది, అవి అడుగున బురద తవ్వుకుంటయి. నువ్వు సీసం గుండు కట్టి ఎరను అడుగున పడేసి బొచ్చె కోసం చూస్తే రాత్రయినా రాదు. బొచ్చె కావాలంటే బెండు కట్టి నాలుగైదు అడుగుల లోతులో వేలాడదియ్యి, మోసు, బంగారు తీగ అయితే అడుగున పెట్టు. కొర్రమట్ట (కొర్రమీను) అడిగినవు కదా, దానికి సాగర్ దాకా పోకు, నాచు, తామర ఉన్న చిన్న చెరువులే దాని ఇల్లు, అక్కడ రబ్బరు కప్ప ఆకుల మీద నుంచి లాగితే చాలు. అయితే ఒకటి, నీళ్ల పైన ఎర్రగ సన్న పిల్లల గుంపు బుడబుడలాడుతూ కనపడితే కింద తల్లో తండ్రో కాపలా ఉన్నట్టు, అప్పుడు కప్ప వేస్తే ఆకలికి కాదు, పిల్లల మీద పడ్డదని కోపంతో కొడతది, దాన్ని పట్టినవంటే ఆ గుంపంతా ఒక్క పూటలో వేరే చేపల పాలైతది. దయచేసి అట్ల పట్టకు, మన తెలంగాణ రాష్ట్ర చేప అది.

ఇప్పుడు సామాను. నీ 7 అడుగుల రాడ్ ఒడ్డు మీదికి కొంచెం పొట్టి, 8, 9 అడుగులుంటే ఇంకా బాగుండు, కానీ పనికొస్తది, ఇంకోటి కొనకు. రీల్ మీద వచ్చిన దారం మాత్రం తీసెయ్యి. ఆ బాక్సులో ఉచితంగా వచ్చే టంగీసు దారం ఎన్ని నెలలు ఎండలో, గోదాములో ఉందో ఎవరికీ తెల్వదు, నైలాన్ దారాన్ని ఎండ తినేస్తది, అందుకే రీల్‌ని కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి తిరగొద్దు కూడా. 0.35 మిల్లీమీటర్ల మోనో (ఒకే పోగు) దారం మంచిది ఒక 200 మీటర్లు ఎక్కించు, రీల్ అంచుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ వరకు నింపాలి, సగం నింపితే దూరం పోదు, పొర్లేదాకా నింపితే చిక్కు పడతది. అల్లిన దారం, అంటే బ్రెయిడ్, ఒడ్డు మీద కొత్తోళ్లకి నేను చెప్ప, సాగర్ అడుగంతా రాళ్లు, మునిగిన చెట్ల మోడులు, బ్రెయిడ్ రాయికి రాసుకుంటే చటుక్కున తెగిపోతది, మోనో కొంచెం సాగుతది, కొంచెం ఓర్చుకుంటది.

డ్రాగ్, అంటే చేప గుంజితే రీల్ దారం వదిలే బిగువు, దాని గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తున్న జాగ్రత్తగ విను. డబ్బా మీద 10 కిలోలు అని రాసి ఉన్న దారం నేను తూచి చూసిన వాటిల్లో ముడి దగ్గర 6, 7 కిలోలకే తెగినయి. సూట్‌కేస్ తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటది కదా, అది తెచ్చుకో. రాడ్ మీది గైడ్లల్ల (దారం పోయే రింగులల్ల) నుంచి దారం తీసి కొసకి ఆ కాటా కట్టు, ఒకరు కాటా పట్టుకొని మెల్లగ లాగాలి, నువ్వు రాడ్‌ని కొంచెం లేపి వంచి పట్టు. కాటా ఒకటిన్నర, రెండు కిలోలు చూపించినప్పుడు రీల్ కిర్రుమని దారం వదలాలి. అంతకంటే బిగుసుగ ఉంటే ఒక మర వదులు చెయ్యి. దారం తెగే బరువులో మూడో వంతు దాటనియ్యకు, ఇదే లెక్క. ఒకసారి చీకట్ల టీ తాగుదామని రాడ్‌ని రాళ్ల మధ్య నిలబెట్టి డ్రాగ్ వదులు చెయ్యకుండ పది అడుగులు పక్కకి పోయిన, ఏదో పెద్దది తగిలి రాడ్, రీల్ మొత్తం నా కండ్ల ముందే నీళ్లల్లకి ఈడ్చుకపోయింది, దుంకి పట్టుకుందామంటే అక్కడ లోతెంతో తెల్వదు. ఆ రోజు నుంచి రాడ్ కింద పెడితే ముందు చెయ్యి డ్రాగ్ మీదికే పోతది.

గాలం ముల్లు పెద్దది ఉంటే పెద్ద చేప పడతది అనేది ఉత్త మాట. రవ్వ, మోసుకి 6 నంబరు, బొచ్చెకి 4 నంబరు చాలు, నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నది అయితదని గుర్తుంచుకో. కొత్త ముల్లు కూడా మొద్దుగనే రావొచ్చు, బొటన వేలి గోరు మీద మొనని మెల్లగ పెట్టి జరుపు, జారిపోతే మొద్దు, గోరుకి పట్టుకొని ఆగితే పదును. ముడి పాలమార్ ముడి నేర్చుకో, దారాన్ని రెండు మడతలు చేసి ముల్లు కంట్లో నుంచి తియ్యి, ఆ మడతతో మామూలు ముడి ఒకటి వదులుగ వెయ్యి, ఆ మడతలో నుంచి ముల్లుని దాటించు, బిగించే ముందు నోట్లో పెట్టి తడి చెయ్యి. తడి చెయ్యకుండ లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడతది, చూస్తే కనపడదు, చేప లాగినప్పుడే తెలుస్తది. ప్రతి చేప తర్వాత కింది ఒక మీటరు దారాన్ని రెండు వేళ్ల మధ్య జరిపి చూడు, గరుకు తగిలితే ఆలోచించకుండ కోసి మళ్లీ కట్టు. స్ప్రింగ్‌కి ఆరేడు ముళ్లు కట్టి పిండి ముద్దలో దాచి వేసేది చాలామంది చేస్తరు, నాకు నచ్చదు, చేప పక్కటెముకలకి, కంటికి గుచ్చుకొని తెంపుకపోయి నీళ్లల్ల చస్తది, రెండు ముళ్లకి మించి కట్టకు.

ఎర విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో రహస్యం, నాదైతే పల్లి చెక్క రెండు పాళ్లు దోరగ వేయించి దంచి, తవుడు ఒక పాలు, ముద్ద కట్టడానికి గోధుమ పిండి, బెల్లం నీళ్లు. ముద్ద చేసినంక బకెట్ నీళ్లల్ల ఒకటి వేసి చూడు. వెంటనే విచ్చుకుంటే గోధుమ పిండి కలుపు, అరగంటకి కూడా రాయిలెక్క ఉంటే తవుడు కలుపు, పావుగంటకి అంచుల నుంచి పొడిపొడిగ రాలుతూ నీళ్లు తెల్లబడాలి, అట్ల రాలితేనే చేప వస్తది. ఎర్రలు (వానపాములు) అయితే తడి గోనెసంచిలో మట్టితోని పెట్టుకొని నీడలో ఉంచు, జెల్ల, వాలుగ లాంటి మీసాల చేపలకి కోడి పేగులు. జెల్ల పడితే సంబరంలో చేత్తో పట్టుకోకు, వీపు మీద ఒకటి, రెండు పక్కల రెండు ముళ్లు ఉంటయి, గుచ్చుకుంటే చెయ్యంతా మంటలు లేస్తది. అట్లయితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లల్ల చెయ్యి పెడితే నొప్పి తగ్గుతది, తర్వాత డాక్టర్ దగ్గరికి పో.

సరే, ఇప్పుడు అసలు సంగతి, పుట్టి.

నీళ్ల మీదికి పోవుడు తప్పు అంట లేను. బ్యాక్‌వాటర్ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ దిక్కు చేపలు పట్టేటోళ్లు ఏండ్లకేండ్లు పుట్టిలోనే బతుకుతున్నరు, కానీ వాళ్ల కాళ్లకి ఆ పుట్టి తెలుసు, మనకి తెల్వదు. వెదురు తడకకి తారు పూసినదైనా ఫైబర్‌దైనా పుట్టి గుండ్రంగ ఉంటది, కింద నీళ్లని పట్టుకునే వెన్ను ఏదీ లేదు, అందుకే కొంచెం గాలికే ఎండుటాకులెక్క కొట్టుకపోతది, తెడ్డు వేస్తే ముందుకు పోవుడు తక్కువ, తిరుగుడు ఎక్కువ. ఇందాక గాలి వీపుకి కొట్టే ఒడ్డు అని చెప్పిన కదా, ప్రాణాలు తీసే ఒడ్డు అదే. ఒడ్డు దగ్గర గుట్ట చాటుకి నీళ్లు కదలకుండ ఉంటయి, బాగుందని పుట్టి దించుతరు, ఒక వంద మీటర్లు పోంగనే చాటు అయిపోతది, వెనక నుంచి గాలి నెట్టుడు మొదలు పెడతది, పోయేటప్పుడు హాయిగ ఉంటది, అలసట తెల్వదు, తిరిగి చూస్తే ఒడ్డు చిన్నగ అయి ఉంటది, అప్పుడు ఎదురు తెడ్డు వెయ్యాలి.

నాకు అదే అయింది. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండున్నర, నేను ఇంకో దోస్తు, పొద్దున్నుంచి ఆకు కదలలే. పడమర దిక్కు ఆకాశం కొంచెం మట్టి రంగు తిరిగింది, ఇంకొక్కటి పడితే పోదాం అనుకుంటూ కూర్చున్నం, పావుగంటలో గాలిదుమారం లేచింది. ఒడ్డు రెండు వందల మీటర్లే, ఒడ్డు మీద మా బండి నంబరు దాదాపు చదవొచ్చు, గంట సేపు తెడ్డు వేసినా దగ్గరికి రాలే, అలలు లోపల పడుతుంటే ఒకడు వేస్తుంటే ఒకడు టిఫిన్ డబ్బాతో నీళ్లు ఎత్తిపోసినం. ఇద్దరికీ ఈత వచ్చు, ఒక్కరికీ జాకెట్ లేదు. చివరికి ఎదురు తెడ్డు ఆపి, గాలి పోనిచ్చిన దిక్కుకే పోనిచ్చి, పుట్టి తిరగకుండ మాత్రం చూసుకున్నం, చీకటి పడ్డంక అవతలి ఒడ్డు తగిలింది. అక్కడంతా అడవి, ఫోన్ సిగ్నల్ లేదు, తెల్లారినంక చేపలోళ్ల పడవ వచ్చి తీసుకొచ్చింది. ఆ రాత్రి మా అమ్మ ఒడ్డున ఎట్ల కూర్చుందో మా తమ్ముడు తర్వాత చెప్పిండు, అది ఇప్పటికీ మర్చిపోలే.

అందుకే నీకు గట్టిగ చెప్తున్న. పొద్దున బయలుదేరితే గాలికి ఎదురు పో, తిరిగొచ్చేటప్పుడు గాలి నీకు సాయం ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం 2 గంటలకల్లా ఒడ్డెక్కాలి, చేప కొడుతున్నా సరే. ఉరుము వినపడిందంటే కార్బన్ రాడ్ చేతిలో పట్టుకొని నీళ్ల నడుమ ఉండొద్దు, అది కరెంటుని పిలిచినట్టే. పుట్టిలో ఎక్కేటప్పుడు అంచు మీద కాలు పెట్టకు, సరిగ్గా నడుమల అడుగు వేసి వెంటనే కూర్చో. ఇద్దరు ఎదురెదురు కూర్చోవాలి, ఒకనికి చేప పడితే ఇంకోడు చూద్దామని అదే దిక్కు వంగకూడదు, పుట్టీలు బోర్లా పడేది ఎక్కువ అట్లనే. మీరు ముగ్గురూ ఒకే పుట్టిలో వద్దు, పుట్టి నడిపే మనిషితో పాటు ఒక్కరు లేదా ఇద్దరే. ఒంటరిగ మీరే నడుపుతం అని మాత్రం అడగకు, మొదటి నాలుగైదు సార్లు అక్కడి మనిషికి డబ్బులిచ్చి తోడు తీసుకపో, వల ఎక్కడుందో, మోడు ఎక్కడుందో ఆయనకే తెలుసు, ఆయన ఈ రోజు వద్దు అంటే ఇంకో మాట మాట్లాడకు.

లంగరు కోసం గోనెసంచిలో రాళ్లు నింపి కడితే చాలు, కానీ తాడు పొడుగు ఉండాలి, లోతు 10 మీటర్లయితే తాడు 30 మీటర్లు. పొట్టి తాడు అయితే అల లేచినప్పుడల్లా పడవ అంచుని కిందికి గుంజుతది, నీళ్లు లోపలికి వస్తయి. పొడుగు పడవ అయితే ఎప్పుడూ ముందు కొసకే కట్టు, పక్కకి కడితే అల అడ్డంగ తగిలి తిప్పేస్తది. ముడి ఒక్క గుంజుకి ఊడేటట్టు ఉండాలి, సంచి మోడులో ఇరుక్కుంటే లాగుతూ కూర్చోకు, కోసెయ్యి, రాళ్లు మళ్లీ దొరుకుతయి. దానికే జేబులో తాడుతో కట్టుకున్న చిన్న కత్తి ఉండాలి, బ్యాగులో కాదు. టంగీసు వలలో కాలు చిక్కితే కూడా ఆ కత్తే దిక్కు, మంచి ఈతగాళ్లు పోయేది ఎక్కువ అట్లనే, ఈత వచ్చు కదా అనే ధైర్యం వల ముందర పనిచెయ్యదు. పడవ బోర్లా పడితే ఒడ్డు దగ్గరే కదా అని ఈత కొట్టకు, పడవని పట్టుకొనే ఉండు, మనిషి తల కంటే పడవ దూరం నుంచి కనపడతది.

రబ్బరు బోటు ఎందుకు వద్దన్ననో చెప్త. సాగర్ ఒడ్డు మొత్తం సర్కారు తుమ్మ, ఆ ముల్లు చెప్పు అడుగునే దిగుతది, రబ్బరు ఎంత. దానికి తోడు పొద్దున చల్లగ ఉన్నప్పుడు గట్టిగ గాలి నింపి మధ్యాహ్నం ఎండలో ఒడ్డు మీద వదిలేస్తే లోపలి గాలి ఉబ్బి అతుకు చీలుతది. పైగా చేతిలో ముళ్లు, కత్తి పెట్టుకొని గాలి సంచి మీద కూర్చునుడు, బరువు లేక గాలికి పుట్టి కంటే వేగంగ కొట్టుకపోవుడు. రెండు మూడు వేలకి వచ్చేవి స్విమ్మింగ్ పూల్ కోసం చేసినవి, సాగర్ కోసం కాదు.

లైఫ్ జాకెట్ కొనేటప్పుడు నీ బరువుకి సరిపోయేదా చూడు, లోపల ఫోమ్ ఉండాలి, థర్మాకోల్ ముక్కలు పెట్టి కుట్టినవి దొరుకుతయి, నొక్కితే కరకరమంటయి, అవి వద్దు. కొన్నంక నడుము లోతు నీళ్లల్ల నిలబడి బెల్టులు బిగించి కాళ్లు లేపు, జాకెట్ చెవుల దాకా పైకి వచ్చేస్తే సైజు పెద్దది, గడ్డం నీళ్ల పైన ఉంటే సరైనది. కాళ్ల మధ్య నుంచి పోయే పట్టీ ఉన్నది అయితే ఇంకా మంచిది. ఒడ్డు వదిలిన నిమిషం నుంచి ఒంటి మీదే ఉండాలి, కింద పరుచుకొని కూర్చునేది కాదు అది. విజిల్ ఒకటి దానికే కట్టు, ఫోన్ నీళ్లు పోని కవర్‌లో పెట్టు, ఎక్కడ దిగుతున్నరో, ఎన్ని గంటలకి ఒడ్డెక్కుతరో ఇంట్లో చెప్పి పో. మందు విషయం, తమ్ముడూ, రాత్రి గుడారం దగ్గర ఏం చేసుకుంటరో మీ ఇష్టం, నీళ్ల మీద మాత్రం ఒక్క బీరు కూడా వద్దు, ముందు రాత్రి ఎక్కువ తాగినోన్ని పొద్దున పుట్టి ఎక్కనియ్యకు.

గుడారం కూడా నీళ్ల అంచున వెయ్యకు, పైన శ్రీశైలం నుంచి నీళ్లు వదిలితే రాత్రికి రాత్రి మట్టం పెరుగుతది, సాయంత్రం పది అడుగుల దూరంలో ఉన్న నీళ్లు పొద్దున చాప కింద ఉంటయి. సాయంత్రం ఒక పుల్ల నీళ్ల అంచున గుచ్చి పెట్టు, గంట గంటకి టార్చ్ వేసి చూడు.

పోయినంక ముందు ఊర్లో మత్స్య సహకార సంఘం వాళ్లని కలిసి అడుగు, ఎక్కడ కూర్చోవచ్చు, ఏమన్న కట్టాల్నా అని. ఆ నీళ్ల మీద వాళ్ల బతుకుంది, వాళ్లు సాయంత్రం వలలు వేసి పొద్దున తీస్తరు, వల బెండ్ల మీది నుంచి గాలం విసిరితే వల చిరుగుతది, వాళ్లకి ఒక రోజు కూలి పోతది. ఒకవేళ నీ ముల్లు వలకి తగిలితే నీ దారం కోసుకో, వల కొయ్యకు. అవతలి ఒడ్డు పులుల అడవి దిక్కు పోతది, అక్కడ దిగుడు, వండుకునుడు పెట్టుకోవద్దు. ఇంకా ఆషాఢం, శ్రావణంలో కడుపు ఉబ్బి మెత్తగ ఉన్న చేప పడితే చేతులు తడి చేసుకొని ముల్లు తీసి వదిలెయ్యి, దాని కడుపుల లక్షల గుడ్లుంటయి.

నీ 6 వేల లెక్క నేను వేసి పెడుతున్న. ముందు మూడు జాకెట్లు, తర్వాత మంచి మోనో దారం, 4, 6 నంబరు ముళ్ల ప్యాకెట్లు, సీసం గుండ్లు, రెండు బెండ్లు, కాటా, కత్తి, విజిల్, తలకి కట్టుకునే టార్చ్, 30 మీటర్ల తాడు. మిగిలింది పుట్టి నడిపే మనిషికి రెండు పూటల కూలి, బేరం ఆడకుండ ఇయ్యి. పోయే ముందు శుక్రవారం రాత్రి ఫోన్‌లో గాలి ఏ దిక్కు నుంచి, ఎంత వేగంతో ఉందో చూసి నాకు మెసేజ్ పెట్టు, ఏ ఒడ్డున దిగాలో అప్పుడు చెప్త.